మూడు మహాసముద్రాలు దాటిన తిరునాళ్ళు

బాలలూ! మీ బడిలో గ్లోబు ఉంటే ఒకసారి దగ్గరకు తీసుకోండి. ఐరోపా ఖండానికి పడమటగా బ్రిటన్ దీవి కనిపిస్తుంది. దాని ఉత్తరభాగమే స్కాట్లండు. అక్కడ ఒక వేలు పెట్టండి. ఇప్పుడు గ్లోబును సగం తిప్పి, అడుగున ఆస్ట్రేలియాకు తూర్పుగా ఉన్న న్యూజీలండు మీద రెండో వేలు పెట్టండి. మీ రెండు వేళ్ళూ ఇంచుమించు ఎదురెదురుగా ఉన్నాయి గదా! ఒకచోట పగలయితే రెండోచోట రాత్రి. ఒకచోట మంచు కురుస్తూ ఉంటే రెండోచోట ఎండ మండిపోతూ ఉంటుంది.

నేటి విమానానికి ఈ దూరం ఒకటిన్నర రోజుల పని. కాని ఒకప్పుడు కొన్ని పల్లెల జనం ఆ మొదటి వేలు దగ్గర బయలుదేరి రెండో వేలు దగ్గరకు చేరడానికి 36 ఏళ్ళు పట్టింది. పిల్లలుగా ఓడ ఎక్కినవారు మనుమలను ఎత్తుకుని దిగారు. వాళ్ళు కట్టుకున్న ఊరిలో ఏటా ఒక తిరునాళ్ళు జరుగుతుంది. దాని సంగతే నేను మీకు చెప్పబోతున్నాను.

ఆ ఊరి పేరు వైపూ. న్యూజీలండులోని ఆక్లండు నగరం నుంచి ఉత్తరంగా మోటారులో రెండు గంటల ప్రయాణం. ఆ దేశపు ఆదివాసులైన మావోరీల భాషలో ‘వై’ అంటే నీరు. పేరుకు తగినట్టే ఊరికి ఒకవైపు ఏరు, ఆవల సముద్రం ఉన్నాయి. పచ్చిక బయళ్ళలో ఆవులు మేస్తూ ఉంటాయి. మామూలు రోజున అటు పోయే బాటసారి పది నిమిషాలలో ఊరంతా చూసి, సాగిపోగలడు. కాని జనవరి 1వ తేదీన మాత్రం అలా కుదరదు.

మా అమ్మాయి ఆక్లండులో కాపురముంటున్నది. అందువల్ల నాకు ఆ తిరునాళ్ళు చూసే అవకాశం దొరికింది. నా వెంట తొమ్మిదేళ్ళ మా మనుమరాలు చిట్టి కూడా వచ్చింది. ఆ పిల్ల ఆ దేశంలోనే పుట్టింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులు చెబుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

ఊరి మైదానం పేరు కాలిడోనియన్ పార్కు. కాలిడోనియా అనేది పూర్వం రోమనులు స్కాట్లండుకు పెట్టిన పేరు. మేము లోపలికి అడుగు పెట్టేసరికి ఉదయం పది గంటలు అయింది. అప్పటికే ఎండ చురుక్కుమంటున్నది. జనవరి నెల అక్కడ నడివేసవి మరి! అంత ఎండలోనూ కొన్ని పదుల మంది ఉన్నిబట్టలు కట్టుకుని, వాద్యాలు వాయిస్తూ, వరుసలు తీరి నడుస్తున్నారు. వాళ్ళ ముఖాల మీద చెమట ధారలు కడుతున్నది. అయినా అడుగు తప్పడం లేదు.

చిట్టి నా చెయ్యి పట్టుకుని, “తాతయ్యా, ఇంత ఎండలో వాళ్ళకు ఆ ఉన్నిబట్టలు ఎందుకు?” అని అడిగింది.

మంచి ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మనం చాలా వెనక్కు పోవాలి.

స్కాట్లండులో ఉత్తరాన, పడమట కొండలు ఎక్కువ. ఆ కొండసీమను హైలండ్సు అంటారు. అది చలిగాలులు, వానలు, పొగమంచు ఉండే సీమ. అక్కడివారికి ఉన్నిబట్టే దిక్కు. వాళ్ళ భాష ఇంగ్లీషు కాదు, గేలిక్. వాళ్ళు ‘క్లాన్’లు అనే వంశాలుగా జీవించేవారు. గేలిక్ భాషలో ఆ మాటకు అసలు అర్థం ఏమిటో తెలుసునా? ‘పిల్లలు’! ఒక వంశంలో ఉన్నవారందరూ ఒక మూలపురుషుడి పిల్లలని వాళ్ళ భావన. ‘మాక్’ అంటే కొడుకు. మాక్లియోడ్ అంటే లియోడ్ అనే ఆయన కొడుకు అన్నమాట. మనకు ఇంటిపేర్లు ఎలాగో వాళ్ళకు ఇవి అలాగ.

1746వ సంవత్సరం ఏప్రిల్ 16న కల్లోడెన్ అనే చోట పెద్ద యుద్ధం జరిగింది. పదవి పోయిన స్టూవర్టు రాజవంశానికి తిరిగి సింహాసనం ఇప్పించాలని హైలండ్సువారు ఎందరో లండను ప్రభువు మీద తిరగబడి, ఆ యుద్ధంలో ఓడిపోయారు. వాళ్ళు మళ్ళీ తల ఎత్తకుండా చెయ్యడానికి ప్రభుత్వం చట్టాలు చేసింది. అందులో ఒకటి మరీ విచిత్రమైనది. హైలండ్సులో మగవారుగాని, మగపిల్లలుగాని తమ సంప్రదాయపు దుస్తులు వెయ్యరాదు! మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు. రెండోసారి పట్టుబడితే ఏడేళ్ళు ద్వీపాంతరవాసం. రాజుగారి సైన్యంలో చేరినవారికి మాత్రమే మినహాయింపు. ఈ శాసనాన్ని 1782లో రద్దుచేశారు. ఆలోచించండి! తాత కట్టిన బట్టను మనుమడు కడితే నేరమైన రోజులు అవి. అటువంటి బట్టను ఎండ కాసిందని ఎవరు విప్పుతారు?

బట్టకు స్వేచ్ఛ వచ్చింది కాని, నేల నిలవలేదు. వంశ నాయకులు క్రమంగా పెద్ద జమీందారులుగా మారిపోయారు. రైతులు ఇచ్చే శిస్తుకంటె గొర్రెల మంద మీద ఎక్కువ లాభం వస్తుందని వాళ్ళకు తోచింది. ఇంకేమి? కొండలోయలలో తరతరాలుగా ఉన్న కుటుంబాలను ఖాళీ చేయించి గొర్రెలను తోలారు. 1814లో సదర్లండు ప్రాంతంలోని స్ట్రాత్‌నేవర్ లోయలో జనం మళ్ళీ తిరిగి రాకుండా ఇళ్ళ కప్పులకు నిప్పు పెట్టారు. కొందరు సముద్రపు ఒడ్డుకు చేరి చేపలు పట్టుకున్నారు. మరికొందరు ఓడలెక్కి దేశాలు పట్టిపోయారు.

అదే సదర్లండు ప్రాంతంలో పడమటి తీరాన అసింట్ అనే చోట 1780లో నార్మన్ మాక్లియోడ్ అనే ఆయన పుట్టాడు. ఆయన చదువు చెప్పే పంతులు, మతబోధకుడు కూడా. మనిషి మహా కఠినుడు. తప్పుచేసినవాణ్ణి ప్రార్థనాలయంలో పదిమందిలో పేరు పెట్టి మందలించేవాడు. తన భార్య పెట్టుకున్న టోపీ ఆడంబరంగా ఉన్నదని ఆమెను సైతం వదలిపెట్టలేదని చెప్పుకుంటారు. నేనూ ఎన్నో ఏళ్ళు బెత్తం పట్టిన ప్రధానోపాధ్యాయుణ్ణే కాని, ఆయన ముందు దిగదుడుపే! అయినా కష్టకాలంలో జనం ఆయననే నమ్మారు. ఉన్న ఊరిలో పేదరికం, పైగా అక్కడి చర్చి పెద్దలతో ఆయనకు వైరం. 1817లో ఆయన, మరికొన్ని కుటుంబాలవారు ఓడ ఎక్కి, అట్లాంటిక్ మహాసముద్రం దాటి, నేటి కెనడాలో తూర్పుకొసన ఉన్న నోవాస్కోషియా చేరారు. అది ఒక సముద్రం.

వాళ్ళు దిగిన చోటు పిక్టో. అది నచ్చలేదు. అమెరికాలో ఒహైయో అనే ప్రాంతానికి పోదామని తామే ఒక ఓడ కట్టుకున్నారు. ఇరుగుపొరుగు నవ్వి, దానికి ‘ఆర్క్’ అని పేరు పెట్టారు. బైబిలు కథలో జలప్రళయం నుంచి తప్పించుకోవడానికి నోవా కట్టిన పెద్ద ఓడ పేరు అది. ఎవరెంత నవ్వినా ఓడ తేలింది. కాని అది ఒహైయో చేరలేదు. కేప్ బ్రిటన్ దీవిలో సెయింట్ ఆన్స్ అనే చక్కని అఖాతం కనిపించగానే 1820లో అక్కడే దిగిపోయారు. అడవి కొట్టారు, పొలాలు చేశారు, బడి పెట్టారు. ఇంటా బయటా గేలిక్‌లోనే మాట్లాడుకున్నారు. అలా 30 ఏళ్ళు గడిచాయి.

ఆ తరువాత, 1840ల చివరలో, బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. ఆ చలిదేశంలో పేదవారి ప్రధానమైన తిండి అదే. పంట కుళ్ళిపోయి జనం ఆకలితో అల్లాడిపోయారు. ఆ సమయంలో మాక్లియోడ్ కొడుకు ఒకడు ఆస్ట్రేలియా నుంచి ఉత్తరం వ్రాశాడు. ఇక్కడ చలి లేదు, నేల మంచిది అని దాని సారాంశం. పంతులుగారికి అప్పటికి 71 ఏళ్ళు! మన ఊళ్ళలో ఆ వయసువారు అరుగు మీద కూర్చుని రామాయణం చదువుకుంటారు. ఆయన మళ్ళీ ఓడ సిద్ధం చేయించాడు.

ఆ ఓడ పేరు మార్గరెట్. 1851 అక్టోబరులో నూటముప్పై మందికి పైగా అందులో బయలుదేరారు. ఆఫ్రికా కొసను చుట్టి, హిందూ మహాసముద్రం దాటి, 1852 ఏప్రిలులో ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్ రేవు చేరారు. అది రెండో సముద్రం. తీరా చూస్తే అక్కడ బంగారపు గనుల వెర్రి సాగుతున్నది. అన్నిటికీ ధరలు మండిపోతున్నాయి. అందరూ ఒకచోట కలిసి ఉండడానికి భూమి దొరకలేదు. మెల్‌బోర్నుకు పోతే అక్కడ విషజ్వరం పట్టుకుని, మాక్లియోడ్ కొడుకులు ముగ్గురు చనిపోయారు.

ఇంకొకరయితే ఇక చాలునని కూలబడేవారు. ఆయన న్యూజీలండు గవర్నరు జార్జి గ్రేకు జాబు వ్రాశాడు. తమవారందరికీ పక్కపక్కనే భూమి కావాలి, అదొక్కటే ఆయన కోరిక. 1853 మొదలు వాళ్ళు వైపూ నేలకు చేరుకోసాగారు. ఆస్ట్రేలియా, న్యూజీలండుల నడుమ ఉన్న నీరు పసిఫిక్ మహాసముద్రంలోని భాగమే. అది మూడోది. వాళ్ళ కబురు విని, వెనుక కేప్ బ్రిటన్‌లో మిగిలినవారు కూడా బయలుదేరారు. హైలండ్ లాస్, గెర్‌ట్రూడ్, స్ప్రే, బ్రెడాల్బేన్, ఎలెన్ లూయిస్ అనే మరి ఐదు ఓడలు ఒకటొకటిగా వచ్చాయి. 1860 నాటికి మొత్తం ఆరు ఓడలలో ఎనిమిది వందల మందికి పైగా తరలివచ్చారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ నేల ఎవరూ లేని నేల కాదు. అది మావోరీలది. ప్రభుత్వం వారి వద్ద తీసుకుని ఈ కొత్తవారికి పంచింది. నేల పోగొట్టుకుని వచ్చినవారికి దొరికిన నేల, మరొకరి చేతిలోనుంచి జారినదే. చరిత్ర చదివేటప్పుడు ఒకవైపే చూడకూడదు.

మాక్లియోడ్ 1866లో కాలం చేశాడు. 1871లో ఆ ఊరివారు కాలిడోనియన్ సంఘం అని ఒకటి పెట్టుకుని, కొత్త సంవత్సరంనాడు హైలండ్సు ఆటలు ఆడే సంప్రదాయం మొదలుపెట్టారు. స్కాట్లండువారికి కొత్త సంవత్సరమంటే ఎక్కడలేని వేడుక. ఇక్కడ ఒక తమాషా ఉన్నది. వైపూలో జనవరి 1న ఉదయం పది గంటలప్పుడు స్కాట్లండులో ఇంకా డిసెంబరు 31 రాత్రి తొమ్మిది గంటలే! అమ్మమ్మగారి ఊళ్ళో పండుగ రాకముందే మనుమలు పండుగ చేసేసుకుంటున్నారన్నమాట.

ఇక మైదానంలోకి రండి. ముందుగా వినిపించేది బాగ్‌పైపు. మన వీధి భాగవతాలలో వెనుక ఒకరు తోలుతిత్తి ఊదుతూ శ్రుతి ఇచ్చేవారని మీ తాతగారిని అడిగితే చెబుతారు. ఇదీ ఆ జాతిదే. చంక కింద ఒక తిత్తి ఉంటుంది. నోటితో గొట్టంలో గాలి ఊది దానిని నింపుతారు. మోచేతితో అదుముతూ ఉంటే గాలి ఆగకుండా బయటికి పోతుంది. వాయించేవాడు ఊపిరి పీల్చుకునేటప్పుడు కూడా పాట ఆగదు. అదే దాని రహస్యం. రాగం పలికే గొట్టానికి ఎనిమిది రంధ్రాలు ఉంటాయి. అందులో తొమ్మిది స్వరాలు పలుకుతాయి. భుజం మీద నిలబడే మూడు గొట్టాలు శ్రుతి పలుకుతాయి. వాటిలో రెండు ఒకే స్థాయి, మూడోది ఒక స్థాయి కింద.

మరి ధ్వని ఆగదు గనుక, ఒకే స్వరాన్ని వెంటవెంటనే రెండుసార్లు పలికించడం ఎలాగ? కొంచెం ఆలోచించండి. రెండింటి నడుమ మరొక స్వరాన్ని కన్ను మూసి తెరిచేంతలో తాకి వదులుతారు. ఆ చిటికె స్వరాలే బాగ్‌పైపు పాటకు మిసమిస తెస్తాయి.

పక్కనే చెక్కలు పరచిన వేదిక మీద చిన్న పిల్లలు నాట్యం చేస్తున్నారు. నేల మీద రెండు కత్తులు అడ్డంగా పెట్టి, ఆ నాలుగు గళ్ళలో మునివేళ్ళ మీద గెంతుతున్నారు. కాలు కత్తికి తగిలితే మార్కులు పోతాయి, కత్తి జరిగిపోతే పోటీ నుంచే తొలగిస్తారు. ఇంత కష్టమయినా ముఖం మీద చిరునవ్వు ఉండాలి. చిట్టి ఊపిరి బిగబట్టి చూసింది. ఆ పిల్లలలో ఒకరి జుట్టు నల్లగా, ఒకరిది ఎర్రగా ఉన్నది. ఎవరి తాతలు ఎక్కడివారైనా సరే, అభ్యాసం చేసినవారికి వేదిక మీద చోటు ఉన్నది.

మైదానం నడుమ బలశాలుల పోటీలు. బండను విసరడం, సుత్తిని తిప్పి విసరడం, 56 పౌనుల బరువును ఒంటిచేత్తో కొయ్యమీదుగా పైకి విసరడం వంటివి ఎన్నో ఉన్నాయి. అన్నిటికంటె చూడముచ్చట అయినది దూలం విసరడం. దానిని కేబర్ అంటారు. స్కాట్లండులో బ్రేమార్ అనే ఊరి ఆటలలో వాడే దూలం 19 అడుగుల 9 అంగుళాల పొడవు, 132 పౌనుల బరువు. అంటే ఇంచుమించు ఆరు మీటర్లు, 60 కిలోలు. తాటిచెట్టు మొద్దును నిలువునా చేతులలో ఎత్తుకున్నట్టు ఉంటుంది.

దూలానికి ఒక కొస లావు, ఒక కొస సన్నం. సన్నని కొసను అరచేతులలో పట్టి, లావు కొసను ఆకాశానికి ఎత్తి, నాలుగడుగులు పరుగెత్తి, ఒక్క ఊపున పైకి విసరాలి. లావు కొస నేలను తాకి, సన్నని కొస పైకి లేచి, అవతలికి తిరగబడాలి. ఎంత దూరం పడిందని చూడరు. ఎంత సూటిగా పడిందనే చూస్తారు. విసిరినవాడు గడియారంలో ఆరు అంకె దగ్గర ఉన్నాడనుకోండి. దూలం సన్నని కొస సరిగ్గా పన్నెండు అంకె వైపు చూపితే అది గొప్ప విసురు.

లావు కొసను పైకి ఎందుకు పెడతారు? ఇంటిలో ఒక చీపురుకట్ట తీసుకుని అరచేతి మీద నిలబెట్టి చూడండి. బరువు పైన ఉంటే అది నెమ్మదిగా ఒరుగుతుంది. మీరు చెయ్యి జరిపి సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. తలకిందులు చేసి నిలబెడితే చటుక్కున పడిపోతుంది. బడి మొహం చూడని కొండవారికి కూడా ఈ సంగతి చేతులతో తెలుసును.

ఇక చిట్టి అడిగిన ఆ బట్ట సంగతి. నడుము చుట్టూ మోకాళ్ళ వరకు కట్టే దానిని కిల్టు అంటారు. ముందు సాపుగా ఉంటుంది, వెనుక కుచ్చిళ్ళు ఉంటాయి. మన చీర కుచ్చిళ్ళకు ఇది ఎదురన్నమాట. పెద్దవారి కిల్టుకు 8 గజాల దాకా బట్ట పడుతుంది. ఆ గళ్ళ బట్టను టార్టన్ అంటారు. పడుగులో రంగులు ఏ వరుసలో పోస్తారో, పేకలోనూ అదే వరుసలో నేస్తారు. ఎరుపు మీద ఎరుపు దాటినచోట నిండు ఎరుపు, ఎరుపూ పచ్చా దాటినచోట రెండూ కలిసిన ఛాయ వస్తుంది. కనుక రెండు రంగుల దారాలతో మూడు ఛాయలు, మూడు రంగులతో ఆరు ఛాయలు వస్తాయి. మరి నాలుగు రంగులతో ఎన్ని వస్తాయి? లెక్క కట్టి చూడండి. జవాబు చివర చెబుతాను.

వంశానికొక టార్టన్ ఉన్నదని అందరూ అంటారు. నిజానికి ఆ ఏర్పాటు చాలావరకు 19వ శతాబ్దంలో కుదిరినదే. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో నగరానికి వచ్చినప్పుడు అందరూ టార్టన్లు ధరించడంతో ఆ మోజు బాగా పెరిగింది. కనుక సంప్రదాయమన్నది అంతా అనాదినుంచి ఉన్నదే కానక్కర లేదు. జనం తమదని ప్రేమతో పట్టుకున్నది కూడా సంప్రదాయం అవుతుంది.

మధ్యాహ్నం ఎండకు తాళలేక మేము మైదానం వదిలి ఊరి నడుమకు వచ్చాము. అక్కడ ఒక రాతి స్తంభం ఉన్నది. 1914లో నిలిపినది. శిఖరాన స్కాట్లండు సింహం ఉంటుంది. ఆరు ఓడల పేర్లనూ ఈ ఊరు ఇప్పటికీ వల్లించుకుంటుంది. దగ్గరలోనే ఒక మ్యూజియం ఉన్నది. ఏ ఇంటివారు ఏ ఓడలో వచ్చారో అక్కడ తెలుసుకోవచ్చును. మా పక్కన ఒక ముసలాయన కిల్టు కట్టుకుని, తన మనుమడికి వేలితో ఒక ఓడ పేరు చూపిస్తున్నాడు. అది వాళ్ళ ఓడ కాబోలు.

నేను ఆయనను పలకరించి, మీకు గేలిక్ వచ్చునా అని అడిగాను. ఆయన సంతోషంగా, “కియద్ మీలె ఫాల్చె” అన్నాడు. లక్ష స్వాగతాలు అని అర్థం. ‘కియద్’ అంటే నూరు, ‘మీలె’ అంటే వెయ్యి. మన ‘శతం’, వాళ్ళ ‘కియద్’ ఎన్నో వేల ఏళ్ళ క్రితపు ఒకే మాటనుంచి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. సంస్కృతానికి, గేలిక్‌కు అంత దూరపు చుట్టరికం ఉన్నది. నేను ఇంకా కొంచెం మాట్లాడమన్నాను. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఆయనకు వచ్చినది అంతే.

చిట్టి ఆశ్చర్యపోయింది. “బట్ట ఉంది, పాట ఉంది, డాన్సు ఉంది. మాట ఏమయింది తాతయ్యా?” అన్నది. ఈసారి తెలుగులోనే అడిగింది!

బాలలూ! ఆ రోజంతా నేను చూసిన దానిలో నా మనసును పట్టుకున్నది ఆ ప్రశ్నే. మూడు సముద్రాలు దాటించి తెచ్చుకున్న భాష అది. ఆకలిలోనూ, తుపానులోనూ పోనిది, హాయిగా స్థిరపడిన తరువాత జారిపోయింది. మొదటి తరంవారు గేలిక్‌లో ప్రార్థన చేశారు. బడిలో, బజారులో ఇంగ్లీషు వచ్చింది. ఇంటిలో అమ్మ గేలిక్‌లో పిలిస్తే పిల్లలు ఇంగ్లీషులో పలికారు. ఎవరూ ఎవరినీ కొట్టి మాన్పించనక్కర లేకపోయింది. ఏడాదికి ఒక్కరోజు చేస్తే నాట్యం నిలుస్తుంది, ఆట నిలుస్తుంది, బట్ట నిలుస్తుంది. భాష మాత్రం ఏడాదికి ఒక్కరోజుతో నిలవదు. దానికి రోజూ నీళ్ళు పొయ్యాలి.

ఇది ఒక్క స్కాట్లండువారి కథే కాదు. 1830ల నుంచి మన కోరంగి రేవు మీదుగా ఎందరో తెలుగువారు చెరకు తోటలలో పనికి మారిషస్ దీవికి పోయారు. అక్కడ నేటికీ ఉగాదికి దేశమంతటా సెలవు. రామభజనలు జరుగుతాయి. కాని ఇళ్ళలో వాడుక భాష క్రియోల్. అక్కడి బడులలో తెలుగు నేర్పుతున్నారు, పిల్లలు మళ్ళీ అక్షరాలు దిద్దుకుంటున్నారు.

ఒకసారి జారిన భాష తిరిగి రాదా అంటే, అలా అనడానికి వీలులేదు. మాక్లియోడ్ వదలివచ్చిన సెయింట్ ఆన్స్‌లోనే, ఆయన ఒకప్పుడు ఉన్న నేలలోనే, 1938లో గేలిక్ కళాశాల పెట్టారు. స్కాట్లండులో 1985లో గ్లాస్గో, ఇన్వర్‌నెస్ నగరాలలో గేలిక్‌లో పాఠాలు చెప్పే తరగతులు మొదలయ్యాయి. తరువాత అటువంటి బడులు పెరిగాయి. 2022 జనాభా లెక్కలలో స్కాట్లండులో సుమారు 70,000 మంది గేలిక్ మాట్లాడగలమని చెప్పారు. దేశంలో ఉన్న యాభై నాలుగు లక్షలలో ఇది కొద్దిపాటి సంఖ్యే. అయినా ఆ లెక్కలో ఆ బడులలో చదివిన పిల్లలు కూడా ఉన్నారు. క్లాన్ అంటే పిల్లలని చెప్పాను గదా! భాషను మోసే ఓడ వాళ్ళే.

సాయంత్రం మేము ఆక్లండుకు తిరిగివస్తూ ఉండగా చిట్టి చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను. కొండదారి దిగేటప్పుడు, “తాతయ్యా, కుచ్చిళ్ళు అంటే ఏమిటి?” అని అడిగింది. చెప్పాను. “పడుగు అంటే?” అదీ చెప్పాను. “పేక అంటే?” అన్నది. ఇల్లు చేరేవరకు అలా అడుగుతూనే ఉన్నది. ప్రధానోపాధ్యాయుడిగా ఎన్నో తరగతులకు పాఠం చెప్పాను కాని, అంత తృప్తి నాకు ఎన్నడూ కలగలేదు.

మీకు ఒక చిన్న పని అప్పగిస్తాను. ఈ రోజు మీ అమ్మమ్మనో, నాయనమ్మనో, తాతయ్యనో అడిగి, మీకు తెలియని తెలుగు మాటలు ఐదు తెలుసుకోండి. వంటింటిలోవి కావచ్చు, పొలంలోవి కావచ్చు. రేపు ఆ మాటలను వాడండి. పుస్తకంలో వ్రాసి దాచుకోవద్దు, నోటితో వాడండి.

(లెక్కకు జవాబు: నాలుగు రంగులతో పది ఛాయలు. నిండు రంగులు నాలుగు, రెండేసి కలిసినవి ఆరు.)